యాభై మీటర్ల మీద రెండు సెంటీమీటర్లు

నాచారం,
బుధవారం సాయంత్రం.

బాలబాలికల జిల్లా ఈత పోటీల ఫిర్యాదుల విచారణాధికారి గారి సముఖమునకు,

నాచారం నివాసి, కీ.శే. హనుమాండ్లు కుమారుడు, నలభై నాలుగేళ్ల వయసు గల లైసెన్సు సర్వేయరు ఉమాశంకర్ వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: నేను పెట్టిన ఫిర్యాదును నేనే వెనక్కి తీసుకొనుట గురించి, పదమూడేళ్ల లోపు బాలికల యాభై మీటర్ల ఫ్రీస్టైల్ ఫలితాలను వెంటనే విడుదల చేయుట గురించి, వీలైతే నన్ను మన్నించుట గురించి.

సూచిక: (1) గత ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు నేను స్వహస్తాలతో తమకు అందజేసిన ఫిర్యాదు. (2) అదే రోజు సాయంత్రం నా భార్య త్రివేణి నాకు నోటిమాటగా జారీ చేసిన సంజాయిషీ నోటీసు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఇరవై ఏళ్లుగా భూములు కొలుస్తున్నాను. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా, ఇటు దమ్మాయిగూడ దాకా నేను హద్దురాయి పాతించని కాలనీ లేదంటే అతిశయోక్తి కాదు. అన్నదమ్ములకు అరగజం దగ్గర తగాదా వస్తే ఇద్దరూ నన్నే పిలుస్తారు. నేను టేపు చుట్టేశాక ఇద్దరూ నన్నే తిడతారు. కొలత సరిగ్గా ఉందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ఇంతకీ నాకు ఈత రాదు. ఈ సంగతి ముందే మనవి చేయడం మంచిదని చేశాను. నీళ్లతో నా పరిచయం బకెట్టు, చెంబు వరకే.

2. నా కూతురు మనస్విని ఏడో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా నాచారంలోని ఒక ఈతకొలనులో పృథ్వీ అనే కోచ్ దగ్గర నేర్చుకుంటోంది. సదరు కొలను పొడవు ఇరవై ఐదు మీటర్లు. అంటే యాభై మీటర్లు ఈదాలంటే ఒకసారి పోయి, అవతలి గోడ దగ్గర వెనక్కి మళ్లి, తిరిగి రావాలి. ఇది నాకు పిల్లను చేర్చిన మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో కింద చూడగలరు.

3. నాలుగు నెలల కింద నేను ఇంటర్నెట్‌లో వెతికి, ఏ వయసు పిల్లలు ఎన్ని సెకన్లలో ఈదాలో చెప్పే పట్టిక ఒకటి సంపాదించాను. జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. దాని పైన మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఏదో సంఘం పేరై ఉంటుందనుకున్నాను. పిల్ల పాలకోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా "చూశావా, నువ్వు ఇంకా రెండు సెకన్లు వెనకున్నావు" అనేవాణ్ని. రెండు నెలలు అన్నాను. తర్వాత పృథ్వీ ఒకసారి ఏదో ఫారం ఇవ్వడానికి ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగుతూ ఆ పట్టిక చూసి, గ్లాసు కింద పెట్టి, "అన్నా, ఆ మూడక్షరాలకు అర్థమే ఇది గజాల లెక్కని. అమెరికాల కొన్ని పూల్స్ గజాలల్ల ఉంటయి. మనయి మీటర్లు" అన్నాడు.

అయ్యా, గజం నా అన్నం. పొద్దున లేస్తే గజం, పడుకుంటే గజం. గజానికీ మీటరుకూ తేడా తెలియనివాడు ఉప్పల్‌లో పావు ప్లాటు కూడా కొనలేడు. అటువంటి నేను, యాభై గజాల ఈతకు వేసిన సమయంలో నా బిడ్డను యాభై మీటర్లు ఈదమన్నాను. అంటే ప్రతిసారీ నాలుగు మీటర్ల ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు అదనంగా ఈదించి, పైగా ఆలస్యమైందని మందలించాను. ఆ పట్టిక చింపేశాను. బుద్ధి వచ్చిందనుకున్నాను. రాలేదు.

4. సదరు జిల్లా పోటీలకు దరఖాస్తు ఫారం నింపింది నేనే. అందులో "అత్యుత్తమ సమయం" అనే గడిలో, నాచారం కొలనులో నా చేతి స్టాప్‌వాచ్ చూపిన 33.60 అని రాశాను. దాని పక్క గడిలో "ఆ సమయం నమోదైన కొలను పొడవు" అని అడిగారు. నేను "వర్తించదు" అని రాశాను. మళ్లీ మనవి చేస్తున్నాను: పొడవు ఎంత అని అడిగిన గడిలో "వర్తించదు" అని రాసిన మనిషి వృత్తి సర్వేయరు. భూమి మీద యాభై మీటర్లు యాభై మీటర్లే, నీళ్లలో మాత్రం మారుతుందా అన్నది నా వాదన. ఫారం తమ దగ్గరే ఉన్నది కనుక దాన్ని దయచేసి ఇంకెవరికీ చూపవద్దని కోరుచున్నాను.

5. పోటీలు గత ఆదివారం ఉప్పల్ వైపున్న పెద్ద కొలనులో జరిగాయి. ఆ కొలను యాభై మీటర్లు. ఈ చివర దూకితే ఆ చివర తేలాలి, మధ్యలో గోడ లేదు. పదకొండు గంటలకు నా కూతురి ఈత. నేను గ్యాలరీలో రెండు చేతులతో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. ఈత అయిపోయింది. బోర్డు మీద ఆమె పేరు పక్కన రెండు అంకెలు వచ్చాయి. నేను ఒకటే చదివాను: 35.42. ఇంటి దగ్గర ముప్పై మూడున్నరకు అటూ ఇటూ ఈదే పిల్ల, పోటీలో దాదాపు రెండు సెకన్లు వెనకబడింది.

ఆమె తడి జుట్టుతో, టవలు కూడా కప్పుకోకుండా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు కూడా నాకు ఇప్పుడు గుర్తొస్తోంది తప్ప అప్పుడు కనబడలేదు. "డాడీ!" అంది. ఇంకేదో చెప్పబోయింది. నేను వాచీ ఆమె మొహం ముందు పెట్టి "ముప్పై ఐదు ఎందుకొచ్చింది?" అన్నాను.

ఆమె నోరు మూసుకుంది. అయ్యా, ఆ నోరు నా విషయంలో ఈ రోజు వరకు తెరుచుకోలేదు.

6. మధ్యాహ్న విరామంలో నేను స్కూటర్ డిక్కీలోంచి స్టీలు టేపు తీశాను. పిల్ల తప్పు కానప్పుడు కొలను తప్పే అయి ఉండాలి. నాకు తెలిసిన న్యాయం అంతే. టేపు అవతలి కొన పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. పక్కనే పులిహోర తింటూ నాకూ కాస్త పెట్టిన చిదంబరం గారిని పిలిచాను. వారు కాకినాడ నుంచి వచ్చి పదేళ్లుగా ఉప్పల్‌లో ఉంటున్న బ్యాంకు ఉద్యోగి. వారి అమ్మాయి గీతిక కూడా అదే ఈతలో పాల్గొంది. వారు చెయ్యి కడుక్కుని వచ్చి, ప్యాంటు మడతపెట్టి, కొలను అంచున గొంతుక్కూర్చుని, ఎంతో ఓపిగ్గా కొన పట్టుకున్నారు.

"ఏమండీ ఉమాశంకర్ గారూ, దేనికండీ ఇది కొలవడం?" అని అడిగారు.

"ఊరికే, వృత్తి గదా సార్" అన్నాను.

పక్కకు ఉన్న చివరి వరుసలో పిల్లలెవరూ ఈదడం లేదు కనుక అక్కడ కొలవడమైనది. ఒకసారి కాదు, మూడుసార్లు కొలవడమైనది. మూడుసార్లూ యాభై మీటర్ల రెండు సెంటీమీటర్లు వచ్చింది. నా కళ్లు మెరిశాయి. రెండు సెంటీమీటర్లు! ఉప్పల్‌లో రెండు సెంటీమీటర్లు జరిగితే గోడలు కూలతాయి. వెంటనే కాగితం తీసుకుని "పోటీ కొలను నిర్ణీత పొడవు కంటే అధికముగా ఉన్నందున సదరు ఫలితములు చెల్లవు" అని రాసి, కింద సంతకం, పక్కన నా లైసెన్సు నంబరు, ముద్ర వేసి తమకు అందజేశాను. ముద్ర జేబులోనే ఉంటుంది. ఉండకుండా ఉంటే బాగుండేది.

7. నాలుగు గంటలకు పతకాలు. పిల్లలను మూడు మెట్ల దిమ్మ మీద నిలబెట్టారు. పై మెట్టు మీద చిదంబరం గారి గీతిక. రెండో మెట్టు మీద మేడిపల్లి అమ్మాయి నీలవేణి. మూడో మెట్టు మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది, సన్నగా, చెవుల దాకా నవ్వుతూ. నేను ఫోన్ తీసి ఆ ముగ్గురినీ ఒక ఫొటో తీశాను కూడా. ఫొటోలో చూసుకున్నప్పుడు తెలిసింది, ఆ మూడో అమ్మాయి నా కూతురేనని. బోర్డు మీద నేను చదవని అంకె అదే.

నేను "ఓ" అని అరవబోయే లోపల మైకు అరిచింది: "నాచారం నివాసి, సర్వేయర్ ఉమాశంకర్ గారి ఫిర్యాదు మేరకు ఈ ఈత ఫలితాలను విచారణ ముగిసే వరకు నిలిపివేయడమైనది. పిల్లలు కిందికి దిగవలెను." నా పేరు మైకులో రావాలని నాకు చిన్నప్పటి నుంచి కోరిక. తీరింది.

ముగ్గురు పిల్లలూ దిగారు. గీతిక ఎందుకు దిగాలో తెలియక రెండుసార్లు వెనక్కి చూసింది. నా కూతురు అందరికంటే ముందు దిగింది. ఆ పేరు ఎవరిదో ఆమెకు తెలుసు కదా.

చిదంబరం గారు నా పక్కనే ఉన్నారు. ఏదైనా అంటారేమో, అంటే బాగుంటుందని కూడా అనుకున్నాను. వారు "పర్లేదండీ. టేపు రెండో కొస పట్టుకుంది నేనే కదండీ" అన్నారు.

8. ఇంటికి వచ్చాక సూచిక (2)లో తెలిపిన నోటీసు అందింది. దాని పూర్తి పాఠం ఇక్కడ రాయడానికి కాగితం చాలదు. ముఖ్యభాగం మాత్రం: "గంత పొడుగు టేపు వట్టుకొని తిరిగినవ్ గని, ఎదురుంగ నిలవడ్డ పోరి మొకం జూడలే నువ్వు." దీనికి సంజాయిషీగా ఈ అర్జీనే సమర్పించుకొనుచున్నాను.

9. అప్పటి నుంచి నా కూతురు నాతో మాట్లాడటం లేదు. అవసరమైన సమాచారం మా అమ్మ ఉప్పలమ్మ ద్వారా చేరవేయబడుతోంది. "నాయనమ్మా, బస్సు వచ్చిందని డాడీకి చెప్పు" అంటుంది, నేను ఆమె పక్కనే నిలబడి ఉండగా. మా అమ్మ "ఓ ఉమా, బస్సొచ్చిందంట" అని నాకు చెబుతుంది. నేను "సరే అని చెప్పమ్మా" అంటాను. అంతకంటే బాధ, పిల్ల ప్రాక్టీసుకు కూడా పోవడం లేదు. పొద్దున ఐదున్నరకే లేచే పిల్ల ఏడింటిదాకా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఈత టోపీ మేకుకు వేలాడుతోంది.

10. నిన్న, అనగా మంగళవారం ఉదయం, నేను ఒక్కణ్నే నాచారం కొలనుకు పోయి పృథ్వీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అతను కోప్పడలేదు. రెండు విషయాలు చెప్పాడు.

మొదటిది, ఆ రెండు సెంటీమీటర్ల సంగతి. "అన్నా, పోటీల పిల్లలు గోడను ముట్టంగనే టైము ఆగనీకి రెండు దిక్కుల పలకలు వెడ్తరు. ఒక్కో పలక మందం ఒక్క సెంటీమీటరు. అవి వెడ్తే తక్కువ వడొద్దని పూల్ ముందే రెండు సెంటీలు ఎక్కువ గడ్తరు. నువ్వు కొలిసిన లైనుల పలకల్లేవు." అనగా తమ కొలను సరిగ్గా యాభై మీటర్లు. పైగా నేను నిన్న రాత్రి అన్నం తింటూ లెక్క వేసి చూశాను. నా కూతురి వేగంలో రెండు సెంటీమీటర్లకు పట్టేది సెకనులో డెబ్బయ్యో వంతు. నేను గొడవపడ్డది రెండు సెకన్ల కోసం. ఈ లెక్క ఫిర్యాదు పెట్టకముందే వేసి ఉండవచ్చును.

రెండవది, గోడ. చిన్న కొలనులో పిల్ల గోడ దగ్గర మళ్లి రెండు కాళ్లతో తంతుంది. ఆ తన్నుకే కొన్ని మీటర్లు చెయ్యి కదపకుండా పోతుంది. పెద్ద కొలనులో ఆ గోడ లేదు, మొత్తం సొంత రెక్కలతోనే ఈదాలి. అందుకే చిన్న కొలను సమయం, పెద్ద కొలను సమయం ఎప్పుడూ ఒకటి కావట. "పెద్ద పూల్‌ల ముప్పై ఐదున్నర అంటే ఆమెకు ఇప్పటిదాంక ఇదే బెస్టు అన్నా. ఇంకోటి, నీ చేతి వాచ్ అర సెకను తింటది. నేను నీకెన్నడు చెప్పలే, ఏమనుకుంటవో అని."

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. సర్వేయరుకు కళ్లతో చూస్తే గాని కుదరదు. "అయితే దిగు" అన్నాడు. టోపీ లేకుండా దిగనివ్వరు. ఇంటికి పోయి మేకుకున్న మనస్విని టోపీ తెచ్చుకున్నాను. గులాబీ రంగుది, మీద తెల్ల బాతు బొమ్మ. అది పెట్టుకుని, నడుము లోతు నీళ్లలో, ఆరేళ్ల పిల్లలు చూస్తుండగా, గోడకు పాదాలు ఆనించి, ఊపిరి బిగబట్టి తన్నాను. కళ్లు తెరిచేసరికి గోడ ఎక్కడో ఉంది. లేచి నిలబడి దగ్గాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పృథ్వీ గట్టు మీద అడుగులతో కొలిచి "మూడు మీటర్లకు జర ఎక్కువ" అన్నాడు. నా జీవితంలో నేను ఈదిన మొత్తం దూరం ఇదే, అది కూడా గోడ దయ.

11. ఇదంతా ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నది. చిన్నప్పుడు మా పొలం బావిలో ఆమె మగపిల్లలతో పోటీపడి ఈదేదని మా మేనమామ చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ని కాదు. ఆమె అన్నది:

"గిది నన్నడిగితే జెప్పకపోదునా? బావి సిన్నగుంటది. ఈ గోడ తంతే ఆ గోడకు వోతవు, అలుపు దెల్వది. అదే చెరువుల ఈదు, గోడ యాడుంటది? ఊకె రెక్కలాడియ్యాలె, ఒడ్డు దూరమైతనే ఉంటది. బావిల ఈదినోడు చెర్ల జర ఆగమైతడు, గది అందరికెరుకే. గీ ముచ్చటకు పోరిని ఏడిపిచ్చినవా?"

నేను కొలతలు నేర్చుకోవడానికి హైదరాబాద్ అంతా తిరిగాను. ఇంట్లో చిక్కుడుకాయలు ఒలిచే మనిషిని మాత్రం అడగలేదు.

12. రాష్ట్ర పోటీలకు ముగ్గురు పిల్లల పేర్లు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు పోవాలనీ, విచారణ పెండింగులో ఉంటే ఏ పేరూ పోదనీ తమ కార్యాలయంలో చెప్పారు. అంటే నా ముద్ర ఒక్కటి, ముగ్గురు పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టబోతోంది. అందులో ఒకరు నాకు పులిహోర పెట్టిన మనిషి బిడ్డ. ఒకరు నాకు ఎవరో కూడా తెలియదు. ఒకరు నా బిడ్డ.

కావున తమరు దయతో:

(అ) సూచిక (1)లోని నా ఫిర్యాదును రద్దు చేయవలెను. వీలుంటే చింపవలెను.

(ఆ) గీతిక, నీలవేణి, మనస్విని అను ముగ్గురి పేర్లను గడువులోపల రాష్ట్ర పోటీలకు పంపవలెను.

(ఇ) ఆ ముగ్గురినీ మరల మెట్ల మీద నిలబెట్టి పతకాలు ఇవ్వవలెను. అప్పుడు మైకులో నా పేరు చదవదలిస్తే చదవవచ్చును. తప్పు నాదని చెప్పినా అభ్యంతరం లేదు. ఇంటి పేరుతో సహా చెప్పినా సరే.

(ఈ) ఫిర్యాదు క్రీడాకారిణి తరఫున పెట్టినది కనుక, ఉపసంహరణ పత్రం మీద ఆమె సంతకం కూడా ఉండాలన్నది నియమం. సదరు క్రీడాకారిణి ఫిర్యాదుదారుతో మాట్లాడటం లేదు. మా అమ్మ ద్వారా అడిగించగా "ఆలోచిస్తా" అని జవాబు వచ్చింది. ఆమె ఆలోచన శుక్రవారంలోపు ముగుస్తుందో లేదో నాకు భయంగా ఉంది. ఈ ఒక్కసారికి తండ్రి సంతకం మాత్రమే స్వీకరించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

పై సంగతులన్నిటినీ, వాటి నడుమ అడుగడుగునా కనబడే నా తెలివితక్కువతనంతో సహా, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇక మీదట నీళ్ల దగ్గరికి టేపు తీసుకురానివాడు,
ఉమాశంకర్
(ముద్ర కావాలనే వేయలేదు.)

తా.క.: గురువారం, ఉదయం ఐదూ నలభై. ఈ అర్జీని నిన్న భోజనాల బల్ల మీద చక్కెర డబ్బా కింద పెట్టి పడుకున్నాను. ఇప్పుడు లేచి చూస్తే (ఈ) అనే పేరా మీద పెన్సిలుతో అడ్డగీత ఉంది. నా సంతకం పక్కన మరో సంతకం ఉంది. దాని కింద ఇలా రాసి ఉంది:

"సార్, నేను సంతకం పెట్టాను, కాబట్టి (ఈ) అవసరం లేదు. మా డాడీ పన్నెండు పాయింట్లు రాశారు కానీ నాకు ఎన్నో ప్లేస్ వచ్చిందో నన్ను ఇప్పటి వరకు అడగలేదు. అది కూడా ఒక పాయింట్. బాతు టోపీ నాది, ఆరబెట్టకుండా మడిచి పెట్టారు, వాసన వస్తోంది. మనస్విని."

కావున దీనిని పదమూడవ అంశంగా చేర్చుకొనవలెను.

అయ్యా, తల ఎత్తి చూస్తే ఆమె తలుపు దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. పక్కన ఈత సంచి ఉంది. దగ్గరికి పోయి అడిగాను, "ఎన్నో ప్లేస్ వచ్చింది బిడ్డా?" అని.

ఆమె లేసు ముడి వేయడం ఆపకుండా "థర్డ్" అంది.

నేను టైము అడగలేదు.